ఎంగెగె చేప కథ

చేపకు చరిత్ర యేమిటని శ్రోతలు అడుగవచ్చును. రైలుమార్గములు, వలలు, శాసనములు కలిసి ఒక చేప భవితవ్యమును నిర్ణయించినప్పుడు అది చరిత్రయే.

కెన్యా, యుగాండా, టాంజానియా దేశముల నడుమ నున్న విక్టోరియా సరస్సు వైశాల్యము సుమారు 68 వేల చదరపు కిలోమీటర్లు. ఆ తీరవాసులకు తరతరములుగా ప్రీతిపాత్రమైన చేప ఎంగెగె. ఇది తిలాపియా వర్గమునకు చెందినది. నీటిలోని సూక్ష్మమైన నాచు దీని ఆహారము. తల్లిచేప గ్రుడ్లను నోటిలోనే దాచి పొదుగును.

పూర్వము లువో జాలరులు జమ్మువంటి పపైరస్ కాడలతో అల్లిన వలలతోను, బుట్టలతోను దీనిని పట్టెడివారు. 1901లో మొంబాసా రేవునుండి రైలుమార్గము సరస్సు ఒడ్డుకు చేరినది. 1905లో మొప్పలు చిక్కుకొను క్రొత్తరకపు వలలు వచ్చినవి. చేప అంగడిసరుకైనది. ఏటేట వలకు చిక్కు చేపలు తగ్గజొచ్చినవి.

1927-28లో మైకేల్ గ్రాహం అను శాస్త్రజ్ఞుడు సరస్సును పరిశోధించి రెండు మాటలు చెప్పినాడు: వలకన్ను 5 అంగుళములకు తగ్గరాదు, తగిన పరిశోధన లేక పరాయి వేటచేపను తెచ్చి విడుచుట మహాప్రమాదము. మొదటి మాట శాసనమైనది. కాని 1956లో యుగాండా, టాంగన్యీకాలలోను, 1961లో కెన్యాలోను ఆ నిబంధన రద్దయినది. సన్నకన్నుల వలలలో, ఇంకను గ్రుడ్లు పెట్టని పిల్లచేపలు సయితము పడినవి.

రెండవ మాటయు నిలువలేదు. 1950-60 దశకములలో నైలు పెర్చ్ అను వేటచేపను సరస్సులో విడిచినారు. ఇది మన పండుగప్పకు దగ్గరి చుట్టము. రెండు మీటర్ల వరకు పెరుగగలదు. నైలు తిలాపియాను గూడ తెచ్చినారు. అది ఎంగెగెతో తావులకు పోటీపడినది; సంకరమును కలిగించినది. 1980 దశకములో పెర్చ్ సరస్సంతట విస్తరించినది. దాని మాంసము ఐరోపాకు ఎగుమతియై ఎందరికో జీవనోపాధి కల్పించిన మాట నిజమే. కాని తీరవాసుల పళ్లెములోని పాత చేప పెద్ద సరస్సునుండి దాదాపు మాయమైనది.

నేడు ఎంగెగె కెన్యాలోని కన్యాబోలివంటి చిన్న సరస్సులలో మిగిలియున్నది. కన్యాబోలికిని పెద్ద సరస్సునకును మధ్య పపైరస్ చిత్తడినేల అడ్డుగా నుండుటచేత పెర్చ్ అక్కడికి చేరలేదు. ఒకప్పుడు వలయై ఈ చేపను పట్టిన మొక్కయే నేడు దానికి కోటగోడ. ఆ చిత్తడిలోను కొంతభాగమును సాగుకై ఎండగట్టినారు. మిగిలిన గోడను నిలుపుకొనుటయా, మానుటయా అన్నదే ఇప్పటి ప్రశ్న. హెచ్చరిక చెప్పినవారు లేక ఈ నష్టము రాలేదు. విన్నదానిని నిలుపుకొనకపోవుటచేత వచ్చినది.