గండిపేట ఎగువన మూడొందల గజాలు

ఉద్యోగం వచ్చి ఐదేళ్లయిందంటే చాలు, మనవాళ్లు శనివారాలు సినిమాలు మానేసి సైట్ విజిట్లకు తిరగడం మొదలెడతారు. నేనూ అంతే. పోయిన వేసవిలో మొయినాబాద్ దాటాక ఒక ఊళ్లో మూడొందల గజాల స్థలం చూశాను. ఒక మూలగా సన్నటి వాగు, దాని గట్టున ఈతచెట్లు, మోదుగలు, ఎక్కడో నెమలి కూత. గచ్చిబౌలిలో ఏసీ గాలి పీల్చి పీల్చి ఉన్నానేమో, అక్కడికక్కడే పడిపోయాను. "ఆ వాగు గురించి పట్టించుకోకండి సార్, నాలుగు ట్రాక్టర్ల మట్టి కొడితే లెవెల్ అయిపోద్ది" అన్నాడు ఏజెంటు. నేను పడిపోయిందే ఆ వాగుని చూసి అని అతనికి తెలీదు పాపం.

"111 జీవో ఉంది కదండీ?" అని అడిగాను. "అది ఎప్పుడో పోయింది సార్, 2022లోనే ఎత్తేశారు" అన్నాడు. టోకెన్ కింద యాభైవేలు ఇచ్చేసి ఇంటికొచ్చాను. మిగతాది నాన్న రిటైర్మెంటు డబ్బుల్లోంచి రావాలి. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎవరో రాసిన కోడ్‌లో అర్థంకాని లైను కనబడితే, అదెందుకు పెట్టారో తెలిసేదాకా తీసేయొద్దని మా టీమ్ లీడ్ తెగ చెప్పేవాడు. ఈ జీవో అసలెందుకు పెట్టారో చూద్దామని కూర్చున్నాను.

చూస్తే కథ 1996లో కాదు, 1908 సెప్టెంబరు 28న మొదలైంది. ఆరోజు మూసీ హైదరాబాద్ మీద పడింది. పదిహేను వేలమంది దాకా చనిపోయారని అంచనా. ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలోని చింతచెట్టెక్కి నూటయాభై మంది బతికారని ఇప్పటికీ చెప్పుకుంటారు. మరుసటేడాది నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యని పిలిపించింది. ఆయన తేల్చిన లెక్కల్లో ఒకటి నన్ను పట్టుకుని వదల్లేదు. నగరానికి ఎగువన పరీవాహక ప్రాంతంలో 788 చెరువులుంటే, వాటిలో 221 తెగిపోయాయి! అంటే ఊరిని ముంచింది ఒక్క నది కాదు. ఎక్కడో మొయినాబాద్, శంషాబాద్ వైపు పొలాల్లో ఒక చెరువు తెగి కింది చెరువులో పడి, అది తెగి ఇంకోదాంట్లో పడి, మొత్తం కట్టగట్టుకుని వచ్చాయన్నమాట.

అందుకని ఆయన నగరానికి పైన రెండు జలాశయాలు కట్టమన్నాడు. మూసీ మీద ఉస్మాన్ సాగర్ (మన గండిపేట) 1920లో, ఈసీ మీద హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఇక్కడ ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. వీటిని కట్టించింది వరద. మంచినీళ్లు ఆ తర్వాత కలిసొచ్చిన లాభం. కానీ దశాబ్దాల తరబడి నల్లాల్లో గండిపేట నీళ్లు తాగేసరికి మనకి రెండోదే గుర్తుండిపోయింది.

1996 మార్చి 8న వచ్చిన 111 జీవోలో కూడా మాట్లాడింది మంచినీళ్ల గురించే. రెండు జలాశయాల పూర్తి నీటిమట్టం నుంచి పది కిలోమీటర్ల దాకా కాలుష్య పరిశ్రమలు, పెద్ద హోటళ్లు, నివాస కాలనీలు వద్దంది. 84 గ్రామాలు, సుమారు 1,32,000 ఎకరాలు. ఆ గ్రామాల రైతులకిది పెద్ద దెబ్బే, కాదనను. రోడ్డుకి అటుపక్కన ఎకరం కోట్లు పలుకుతుంటే, ఇటుపక్కన కూతురి పెళ్లికి అమ్ముకుందామన్నా సరైన ధర రాదు. ఊరందరి నీళ్ల కోసం వాళ్లొక్కళ్లే నష్టపోవాలా అని అడిగితే నా దగ్గర జవాబు లేదు.

ఇంకో కథ కూడా దొరికింది. 1993లో ఒక నూనె కంపెనీ శంషాబాద్ మండలం పెద్దషాపూర్‌లో భూమి కొంది. ఫ్యాక్టరీ కట్టింది. అది హిమాయత్ సాగర్ పది కిలోమీటర్ల లోపల! ప్రభుత్వం ఆ ఒక్క కంపెనీకి మినహాయింపు కూడా ఇచ్చింది. సుప్రీంకోర్టు 2000 డిసెంబరులో ఆ మినహాయింపు చెల్లదని కొట్టేసింది. అంతకుముందు 1999 తీర్పులోనే, హాని జరగదని నిరూపించాల్సిన బాధ్యత కట్టేవాడిదేనని చెప్పింది. అది చదువుతుంటే నా యాభైవేల టోకెన్ కళ్లముందు కదిలింది.

సరే, 2022 సంగతి. ఆ ఏప్రిల్లో వచ్చిన 69 జీవో ఈ ఆంక్షల్ని తీసేసింది, జలాశయాల నీటి నాణ్యత ఏమాత్రం చెడకూడదన్న షరతుతో. చెప్పిన కారణం ఏంటంటే, 1996లో నగరం నీళ్లలో 27 శాతం పైగా వీటినుంచే వచ్చేవి, ఇప్పుడు ఒకటింబావు శాతం కూడా లేవని. 2023 మేలో మంత్రివర్గం 111ని పూర్తిగా రద్దు చేయాలని నిర్ణయించింది. లెక్క బానే ఉంది. కానీ 1908 ఆ లెక్కలో ఏదీ? మనం కృష్ణా, గోదావరి నీళ్లు తాగుతున్నాం కాబట్టి మూసీకి వరద రావడం మానేస్తుందా? ఎగువన పొలాలన్నీ కాంక్రీటయితే వానంతా ఇంకకుండా ఒక్కసారే జలాశయంలోకి దిగుతుంది, గేట్లెత్తక తప్పదు. 2020 అక్టోబరులో గేట్లెత్తాక చాదర్‌ఘాట్, మూసారాంబాగ్ వైపు ఏమైందో చూశాం. 2025 సెప్టెంబరు చివర్లో మూసీ ఏకంగా మహాత్మాగాంధీ బస్‌స్టేషన్లోకి వచ్చేసింది.

మళ్లీ నా స్థలానికొస్తా. జీవో ఎత్తేయడం వేరు, నా ప్లాటుకి అనుమతి రావడం వేరు. ఆ లేఅవుట్‌కి హెచ్‌ఎండీఏ అనుమతే లేదు. 2013లో ఆమోదించిన మాస్టర్ ప్లాన్‌లో అది జీవ పరిరక్షణ జోన్‌లో ఉంది. 2012 నిర్మాణ నిబంధనల ప్రకారం పది మీటర్ల లోపు వాగుకైనా రెండు మీటర్లు వదలాలి. ఏజెంటు మట్టి కొట్టిస్తానన్న వాగు వెళ్లి కలిసేది గండిపేటలోనే.

నాన్నకి ఫోన్లో ఇదంతా చెప్పాను. "నువ్వు కొనకపోతే ఇంకోడు కొంటాడు కదరా, వాగు మిగుల్తుందా?" అన్నారు. మిగలదేమో నాన్నా, అని ఊరుకున్నాను. టోకెన్ తిరిగి ఇవ్వనన్నాడు ఏజెంటు, నేనూ వదిలేశాను.

వానలు మొదలయ్యాక ఒక ఆదివారం ఊరికే అటు వెళ్లొచ్చాను. పక్క ప్లాటు వాళ్లు మట్టి కొట్టేశారు, ప్రహరీ కూడా లేచింది. వాగు ఆ గోడ దాకా వచ్చి, పక్కకి తిరిగి, నేను కొందామనుకున్న మూడొందల గజాల నడిమధ్య నుంచి పారుతోంది.