బయటోళ్ల కళ అంటే ఎవరి కళ?

పోయిన ఆదివారం కొందరు విద్యార్థులతో కలిసి పత్తర్‌గట్టి తిరిగిన. రోడ్డుకు రెండు పక్కలా ఒకే తీరు రాతి కమాన్లు. 1908 మూసీ వరద తర్వాత, 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఈ బజారును ఇట్లా తీర్చింది. చాలా చోట్ల ఆ రాయి ఇప్పుడు దుకాణాల బోర్డుల వెనక దాక్కుంది.

"అన్నా, ఈ రాళ్లు కొట్టిందెవరు?" అని ఒక చెల్లె అడిగింది. మూసీ ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రికి నమూనా గీసిన విన్సెంట్ ఎష్ పేరు చెప్పగలిగిన. రాయి కొట్టినోళ్లలో ఒక్కరి పేరూ చెప్పలేకపోయిన.

సాలార్‌జంగ్ మ్యూజియం మొదట తెరిచింది ఇక్కడికి దగ్గర్లోని దివాన్ దేవిడిలోనే, 1951 డిసెంబర్ 16న. 1968లో మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనంలోకి మారింది. మేమూ అక్కడికి పోయినం. 'ముసుగు రెబెక్కా' ముందు ఎప్పటిలాగే జనం. ఆ పాలరాతి బొమ్మ చెక్కింది ఇటలీ శిల్పి బెంజోని. మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్‌లో కొన్నాడు. చెక్కినాయన పేరు తెలుసు, కొన్నాయన పేరు తెలుసు, ఊరూ సంవత్సరమూ తెలుసు. చరిత్రలో ఉండడమంటే ఇదే.

బయటికొచ్చి చాయ్ తాగుతుంటే అదే చెల్లె ఫోన్‌లో ఒక విదేశీ మ్యూజియం చూపించింది. చిన్నది. ఎవరి దగ్గరా నేర్చుకోకుండా సొంతంగా బొమ్మలేసిన వాళ్ల పనులే అందులో ఉన్నయి. దాన్ని 'ఔట్‌సైడర్ ఆర్ట్' అంటారట, అంటే బయటోళ్ల కళ. "మన డక్కలోళ్ల పటాలు కూడా ఇదేనా అన్నా?" అని అడిగింది. ఈ పోస్టు ఆ ప్రశ్నకు జవాబు.

ముందు ఆ మాట ఎక్కడిదో చూద్దాం. ఫ్రెంచ్ చిత్రకారుడు జాన్ ద్యూబుఫే 1945లో పిచ్చాసుపత్రుల్లోని వాళ్లు, ఖైదీలు, కళాశాల మొహం చూడని వాళ్లు వేసిన బొమ్మలు సేకరించడం మొదలుపెట్టాడు. ఆ సేకరణతోనే 1976లో స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో మ్యూజియం తెరిచారు. 'ఔట్‌సైడర్ ఆర్ట్' అన్న పేరు 1972లో రోజర్ కార్డినల్ పుస్తకంతో వచ్చింది.

ఆ గోడల మీద మనవాళ్లలాంటి వాళ్లు లేరని కాదు. బిల్ ట్రేలర్ 1853 ప్రాంతంలో అమెరికాలోని అలబామాలో బానిసగా పుట్టాడు. బతుకంతా పొలం పని. ఎనభై దాటినంక మాంట్‌గోమరీ ఫుట్‌పాత్ మీద కూర్చొని, పారేసిన అట్టముక్కల మీద వెయ్యికి పైగా బొమ్మలేశాడు. 1949లో చనిపోయాడు. 2018లో గానీ ఆయన సమాధి మీద పేరున్న రాయి పడలేదు. ఆ ఏడే స్మిత్‌సోనియన్ మ్యూజియం ఆయన బొమ్మలతో పెద్ద ప్రదర్శన పెట్టింది.

ఇప్పుడు డక్కలి పటం దగ్గరికి వద్దాం. చేర్యాల నకాషీలు ఖాదీ గుడ్డకు గంజి, సుద్ద, చింతగింజల జిగురు పట్టించి, ఎర్రటి నేల మీద కథంతా వరుసగా బొమ్మలు గీస్తారు. ఒక్కో కులానికి ఒక్కో పురాణం. పద్మశాలీలకు కూనపులివాళ్లు చెప్తారు, ముదిరాజులకు కాకిపడగలవాళ్లు, మాదిగలకు డక్కలివాళ్లు. భూమి పుట్టక ముందే ఆరు నెలల పెద్ద అయిన జాంబవుడి కథ డక్కలోళ్ల నోట్లో ఉంది. మనల్ని చివరికి నెట్టిన పురాణాలకు జవాబుగా మొదలే మాది అని చెప్పిన కథ అది. బడిలోకి రానీయని కాలంలో మన చరిత్ర పుస్తకం ఆ పటమే.

అందుకే చెల్లెకు చెప్పిన, అది ఎవరి దగ్గరా నేర్వని కళ కాదు. నకాషీకి తండ్రి నేర్పిండు, డక్కలాయనకు తాత నేర్పిండు. నాలుగు వందల ఏండ్ల నాటి తెలంగాణ పటాలున్నాయని పరిశోధకులు చెప్తున్నారు. కాలేజీ లేదంటే గురువు లేడని కాదు.

మరి 'బయట' అన్న మాట? బయట అంటే మనకు తెలుసు. ఊరి బయటే మన వాడ. కానీ మన వాడకూ ఒక బయట ఉంది, అక్కడ నిలబెట్టింది డక్కలోళ్లను. మన పుట్టుక కథ వాళ్ల నోట విన్నం, వాళ్లనే అంటరానోళ్లుగా చూసినం. ఈ మాట మ్యూజియం వాళ్లను అడిగే ముందు మనల్ని మనం అడగాలి. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్య ఆ డక్కలి బిడ్డే. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన కట్టడం పనికి కూలీగా పోతున్నడని వార్తలొచ్చినయి. బిరుదు లోపలికి పోయింది, మనిషి బయటే ఉన్నడు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీ చేతుల్లో ఫోన్లున్నయి. ఎక్కడ పటం కనబడ్డా మూడు పేర్లు అడగండి: గీసిందెవరు, కథ చెప్పిందెవరు, ఎవరి కోసం చెప్పిండ్రు. ఊరి పేరుతో సహా రాసి పెట్టండి. 'జానపద కళ' అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటే పత్తర్‌గట్టి రాళ్ల లెక్కే అయితది. వందేండ్ల తర్వాత ఇంకో చెల్లె అడిగితే మన దగ్గర జవాబుండాలి.

జై భీమ్.