దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి ఆహారంలో నట్స్

బాదం, జీడిపప్పు, పిస్తా, వాల్‌నట్, వేరుశనగ వంటి నట్స్‌ను కిడ్నీ జబ్బు ఉన్నవారు తినవచ్చా అన్న ప్రశ్నకు వైద్యులు ఇచ్చే జవాబు గత 60 ఏళ్లలో చాలా మారింది. పొటాషియం, భాస్వరం ఎక్కువన్న కారణంతో చాలాకాలం వీటిని పూర్తిగా మానేయమన్నారు. ఇప్పుడు రక్తపరీక్ష చూసి, ఉప్పు లేనివి, కొలతతో తినవచ్చంటున్నారు. ఇవి జబ్బును నయం చేసే మందులు కావు. గుండెకు, పోషణకు ఆసరాగా నిలిచే ఆహారం మాత్రమే. వేరుశనగ వృక్షశాస్త్రం ప్రకారం పప్పుధాన్యాల కుటుంబానికి చెందినదైనా, పోషకాలు దగ్గరగా ఉండటంతో ఆహార నిపుణులు దాన్నీ ఈ వరుసలోనే చేరుస్తారు.

తొలి పథ్యాలు

1827లో లండన్ గైస్ హాస్పిటల్ వైద్యుడు రిచర్డ్ బ్రైట్, ఒళ్లు నీరుపట్టడానికీ మూత్రంలో ఆల్బుమిన్ పోవడానికీ మూత్రపిండాలు చెడటమే మూలమని వివరించారు. ఆ తర్వాత చాలాకాలం ఈ రోగాన్ని బ్రైట్స్ డిసీజ్ అనే పిలిచారు. సరైన మందులు లేని ఆ రోజుల్లో పథ్యమే పెద్ద చికిత్స. మాంసకృత్తుల నుంచి పుట్టే యూరియాను బయటికి పంపాల్సింది మూత్రపిండాలే కనుక, మాంసకృత్తులు తగ్గిస్తే వాటి మీద భారం తగ్గుతుందని భావించారు. స్టాన్‌ఫర్డ్‌లో థామస్ అడిస్ ఈ వాదాన్ని గట్టిగా వినిపించారు.

1939లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో వాల్టర్ కెంప్నర్ అన్నం, పండ్లు, చక్కెరతో ఒక కఠిన పథ్యాన్ని మొదలుపెట్టారు. అందులో రోజుకు మాంసకృత్తులు సుమారు 20 గ్రాములే. ఉప్పు దాదాపు లేదు. నట్స్‌కు చోటే లేదు. 1963లో జియోర్డానో, 1964లో జియోవనెట్టి, మాజియోరె అనే ఇటలీ వైద్యులు మాంసకృత్తులను బాగా తగ్గించి, ఆ కొద్దిపాటినీ గుడ్డు వంటి మేలురకం వాటి నుంచే తీసుకోమన్నారు. మొక్కల మాంసకృత్తులు రెండో రకమన్న అభిప్రాయం బలంగా ఉండటంతో నట్స్ వెనక్కి పోయాయి.

నిషేధ కాలం

1960లో సియాటిల్‌లో బెల్డింగ్ స్క్రిబ్నర్ తయారుచేసిన, రక్తనాళాలకు అమర్చి ఉంచే షంట్ అనే గొట్టంతో ఒకే రోగికి ఏళ్ల తరబడి డయాలసిస్ చేయడం సాధ్యమైంది. ప్రాణం నిలిచింది, కానీ కొత్త ఆపదలు బయటపడ్డాయి. ఒక డయాలసిస్‌కూ మరో డయాలసిస్‌కూ మధ్య పొటాషియం పెరిగితే గుండె లయ తప్పి ఆగిపోవచ్చు. భాస్వరం పెరిగితే పారాథైరాయిడ్ హార్మోన్ పెరిగి ఎముకలు గుల్లబారతాయి, రక్తనాళాల్లో కాల్షియం పేరుకుంటుంది. నీల్ బ్రికర్, ఎడ్వర్డో స్లాటోపోల్స్కీల పరిశోధనలు ఈ భాస్వరం ముప్పును స్పష్టం చేశాయి.

దాంతో ఆసుపత్రుల్లో ఇచ్చే ఆహార పట్టికల్లో నట్స్ ‘తినకూడనివి’ వరుసలోకి చేరాయి. 28 గ్రాముల బాదంలో, అంటే సుమారు 23 పలుకుల్లో, పొటాషియం 200 మిల్లీగ్రాములకు పైగా, భాస్వరం 135 మిల్లీగ్రాముల దాకా ఉంటాయి. ఆనాటి వైద్యుల భయం అకారణం కాదు. అయితే వారు లెక్కించింది పదార్థంలో ఎంత ఉందన్నదే. అందులో ఎంత ఒంటికి పడుతుందన్నది ఆ పట్టికల్లో లేదు.

లెక్క మార్చిన పరిశోధనలు

గింజల్లోని భాస్వరంలో ఎక్కువ భాగం ఫైటేట్ రూపంలో ఉంటుంది. దాన్ని విడగొట్టే ఫైటేజ్ అనే ఎంజైమ్ మనిషి పేగుల్లో లేనట్టే. అందుకే మొక్కల భాస్వరంలో సగం కూడా రక్తంలో కలవదు. శీతల పానీయాలు, ప్రాసెస్ చేసిన మాంసం వంటి వాటిలో కలిపే ఫాస్ఫేట్ లవణాలు మాత్రం దాదాపు మొత్తం కలుస్తాయి. 2011లో ఇండియానాలో షారన్ మో బృందం 9 మంది రోగులకు ఒక వారం శాకాహారం, ఒక వారం మాంసాహారం ఇచ్చింది. రెండింటిలోనూ భాస్వరం సమానంగానే ఉన్నా, శాకాహార వారంలో రక్తంలో భాస్వరం తక్కువగా కనిపించింది.

మరోవైపు, కిడ్నీ జబ్బు ఉన్నవారిలో ఎక్కువమంది ప్రాణాలు తీసేది గుండెజబ్బు. 1992లో కాలిఫోర్నియాలోని అడ్వెంటిస్టు క్రైస్తవులపై జరిగిన అధ్యయనం, తరచూ నట్స్ తినేవారిలో గుండెజబ్బు తక్కువని చూపింది. గుండెకు మేలుచేసే ఆహారాన్ని, గుండె ముప్పు ఎక్కువున్న వారికే దూరం చేస్తున్నామా అన్న ప్రశ్న సహజంగానే తలెత్తింది. 2010లో బ్రెజిల్ పరిశోధకులు డయాలసిస్ రోగులకు మూడు నెలలు రోజుకు ఒక్క బ్రెజిల్ నట్ ఇచ్చి, వారిలో తగ్గిన సెలీనియం పెరగడం గమనించారు. 2019లో స్పెయిన్‌లో 13 మంది రోగులు నెలపాటు రోజూ 30 గ్రాముల వాల్‌నట్స్ తిన్నారు. వారి రక్తపోటు, చెడు కొలెస్టరాల్ తగ్గాయి. రక్తంలో పొటాషియం, భాస్వరం పెరగలేదు. ఇవన్నీ చిన్న అధ్యయనాలు. భయం తగ్గించడానికి పనికొచ్చాయి గానీ, అందరికీ ఒకే నియమం రాయడానికి చాలవు.

ఇప్పటి సూచనలు

2020లో వెలువడిన అమెరికా కెడోకీ మార్గదర్శకాలు భాస్వరం ఎంత ఉందన్నదే కాక, అది జంతువుల నుంచి వచ్చిందా, మొక్కల నుంచి వచ్చిందా, కలిపిన రసాయనమా అన్నది కూడా చూడమన్నాయి. 2024 నాటి అంతర్జాతీయ కెడిగో మార్గదర్శకాలు మాంసాహారం కన్నా మొక్కల ఆహారానికి పెద్దపీట వేశాయి.

జాగ్రత్తలు మాత్రం తప్పవు. 28 గ్రాములకు వాల్‌నట్స్‌లో పొటాషియం సుమారు 125 మిల్లీగ్రాములుంటే పిస్తాలో 290 దాకా ఉంటుంది. రక్తపోటుకు వాడే కొన్ని మందులు కూడా పొటాషియాన్ని పెంచుతాయి. బాదం, జీడిపప్పుల్లో ఆక్సలేట్లు ఎక్కువ కనుక మూత్రపిండాల్లో ఆక్సలేట్ రాళ్లున్నవారు వాటిని తగ్గించాలి. సెలీనియం మితిమీరితే విషమవుతుంది కాబట్టి బ్రెజిల్ నట్స్‌ను గుప్పెళ్లతో తినకూడదు.

తెలుగు నేలపై

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో జీడితోటలూ కిడ్నీ జబ్బూ పక్కపక్కనే ఉన్నాయి. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వంటి మండలాల్లో ఊరూరా రోగులున్నారు. వారిలో ఎక్కువమంది రైతులు, కూలీలు. నీటిలోని సిలికా, పురుగుమందులు, ఎండలో శ్రమ, జన్యు కారణాలు అన్నీ పరిశీలనకు వచ్చినా ఏ ఒక్కటీ ఖరారు కాలేదు. పలాస జీడిపప్పు దేశమంతా వెళుతుంది. జీడిపిక్కలు ఏరి, ఒలిచి బతికే ఇంట్లోనే డయాలసిస్ మంచం ఉన్నప్పుడు ‘ఎన్ని తినవచ్చు’ అన్నది పుస్తకాల్లో ప్రశ్న కాదు, రోజువారీ అవసరం.

మిగతా తెలుగు ఇళ్లలో ఎక్కువగా వాడేది వేరుశనగ. పల్లీ చట్నీ, పల్లీల పొడి, పులిహోర రూపంలో పల్లీలతోపాటు ఉప్పూ లోపలికి పోతుంది. ఉప్పు పట్టించి వేయించిన పల్లీలు, మసాలా జీడిపప్పు రక్తపోటున్న రోగికి అసలు మేలు కావు. పొరుగువారు తిన్నారని తినడం, ఎవరో వద్దన్నారని జీవితాంతం మానేయడం రెండూ తప్పే. తాజా రక్తపరీక్షలో పొటాషియం, భాస్వరం అంకెలు చూపించి, ఏ రకం, ఎన్ని పలుకులు, వారానికి ఎన్నిసార్లు అని వైద్యుణ్ని, డైటీషియన్‌ను అడగాలి. ఆ సమాధానం పొందే హక్కు ప్రతి రోగికీ ఉంది.