ఆ కుర్చీ మనది కాదా?

ప్రశ్న వేయడం, జవాబు రాబట్టడం మనకేమీ కొత్త కాదు. అరుగుల మీద పొడుపుకథలు విప్పుకుంటూ పెరిగినవాళ్ళం. కాని ఆ ఆట టెలివిజన్‌కెక్కాక ఎవరు ఆడారు, ఎవరు చూస్తూ వుండిపోయారు? కాస్త వెనక్కి వెళ్ళి చూద్దాం.

1985లో సిద్ధార్థ బసు దూరదర్శన్‌లో 'క్విజ్ టైమ్' నడిపారు. ఆడేది కాలేజీ విద్యార్థులు, మాట్లాడేది ఇంగ్లీషు. మనబోటివాళ్ళం మెచ్చుకున్నామే గాని, మనల్నీ పిలుస్తారని కలలోనైనా అనుకోలేదు. తరువాత 1998లో ఇంగ్లండులో మరో ఆట పుట్టింది. 15 ప్రశ్నలు, ప్రతి ప్రశ్నకూ ఎదురుగా నాలుగు జవాబులు, మెట్టు ఎక్కేకొద్దీ డబ్బు. 2000 జూలై 3న అమితాబ్ బచ్చన్ దాన్నే 'కౌన్ బనేగా కరోడ్‌పతి'గా హిందీలో మొదలుపెట్టారు. తెర వెనుక వున్నది ఆ సిద్ధార్థ బసుగారే!

అది తెలుగు నేర్చుకోవడానికి మరో 14 ఏళ్ళు పట్టింది. 2014 జూన్‌లో మా టీవీలో నాగార్జున 'మీలో ఎవరు కోటీశ్వరుడు' అన్నారు. 2017లో ఆ స్థానంలోకి చిరంజీవి వచ్చారు. మళ్ళీ 2021 ఆగస్టు 22న జెమినీ టీవీలో జూనియర్ ఎన్.టి.ఆర్. మొదలుపెట్టారు. ఈసారి పేరు 'ఎవరు మీలో కోటీశ్వరులు'. గమనించారా? 'కోటీశ్వరుడు' పోయి 'కోటీశ్వరులు' వచ్చింది. ఆ మాటలో ఆడవాళ్ళమూ ఇముడుతాం కదా!

ఆ నవంబరులో కొత్తగూడేనికి చెందిన ఒక పోలీసు సబ్ ఇనస్పెక్టరు 15 ప్రశ్నలూ దాటి కోటి గెలిచాడు. హైదరాబాదు కాదు, బొగ్గుగనుల వూరు. అయితే ఏం లాభం, ఆ కార్యక్రమం ఒక్క విడతతోనే ఆగిపోయింది.

ఈ ఆటలో తెలివి ఎంత ముఖ్యమో, ఇల్లాలి లెక్క అంత ముఖ్యం. అయిదో ప్రశ్నకు 10,000, పదో ప్రశ్నకు 3,20,000 రూపాయలు. ఈ రెండూ దాటితే ఆ సొమ్ముకు ఢోకా లేదు. తొమ్మిది ప్రశ్నలు దాటి చేతిలో 1,60,000 వుందనుకోండి. ఆగిపోతే అది మీదే. ఆశపడి పదోది తప్పు చెబితే మిగిలేది 10,000. పైగా గెలిచిన దానిలో నూటికి 30 వంతున ఆదాయపు పన్ను కోసేసుకునే ఇస్తారు. 3,20,000లో 96,000 అలాగే పోతుంది. ఎక్కడ చేయి ఆపాలో నెలాఖరు సంసారం ఈదిన మనకు ఒకరు చెప్పాలా?

డబ్బు వచ్చాక కూడా ఆ లెక్క అవసరమే. బీహారులో మోతీహారి అనే చిన్న వూరి కుర్రాడు, కంప్యూటర్ ఆపరేటరు, 2011లో హిందీ ఆటలో 5 కోట్లు గెలిచాడు. ఆ తరువాతి రోజులే తన జీవితంలో చెడ్డ రోజులని 2020లో తానే రాసుకున్నాడు.

ఇక మన పొరుగునే తమిళంలో ఏం జరిగిందో వినండి. 2019 డిసెంబరులో రాధిక 'కోడీశ్వరి' నడిపారు. అచ్చంగా ఆడవాళ్ళకే. 2020 జనవరిలో కోటి గెలిచినావిడ మదురై అమ్మాయి. చెవులు వినపడవు, మాట రాదు. అయినా ఆ కుర్చీలో కూర్చుని గెలిచింది. అన్నీ వుండి మనం వంటింటి గుమ్మం దగ్గర నుంచుని "అది 'బి' అండీ!" అని చెప్పి, పోపు మాడుతోందని లోపలికి పరుగెత్తుతాం.

ఏలూరు పక్కన మా వట్లూరులో రైలు దిగి ఎవరినైనా అడగండి. కొల్లేటిలో ఏ కాలానికి ఏ చేప దొరుకుతుందో, ఏ నెలలో ఏ పిట్ట దిగుతుందో చెప్పే ఆడవాళ్ళు కనిపిస్తారు. 2002లో అంతర్జాతీయ రామ్‌సర్ జాబితాకెక్కిన సరస్సు అది. ఈ తెలివి తెలివి కాదా? ప్రశ్నలు తయారుచేసేవాళ్ళు పట్నాల్లో కూర్చుంటారు గనుక మన వూళ్ళ సంగతులు ప్రశ్నలయ్యేది తక్కువ. మనం వెళ్ళి కూర్చుంటేనే గదా మన వూళ్ళ పేరూ అక్కడ వినపడేది!

అందుకని చెబుతున్నాను. రోజూ పేపరు చదివాక తెలిసిన కొత్త సంగతి ఒక్కటి పిల్లల పాత నోటుపుస్తకంలో రాసుకోండి. ఇలాంటి ఆట మళ్ళీ ఎప్పుడైనా పిలుపు ఇస్తే, అబ్బాయి పేరుతో పాటు మీ పేరు కూడా పంపండి. కోటి రాకపోతే మానె. మీరెవరు, మీదే వూరు అని నలుగురిలో అడిగితే, తలెత్తి చెప్పుకోవడమూ ఒక గెలుపే. ఏమంటారు?