రవిక నమూనా సవరణ

రవిక నమూనా సవరణ అనగా ప్రామాణిక కొలతలతో తయారైన రవిక నమూనా కాగితాన్ని, ధరించే వ్యక్తి శరీరానికి అనుగుణంగా మార్చుకొనే పద్ధతి. నమూనా కాగితాన్ని దర్జీల వాడుకలో పేపర్ కటింగ్ అని, ప్యాటర్న్ అని అంటారు. ఈ మార్పులన్నీ గుడ్డను కత్తిరించక ముందే కాగితం మీద జరుగుతాయి. కుట్టిన రవికను తరువాత బిగించడం గానీ, వదులు చేయడం గానీ వేరే పని. దానిని ఆల్టరేషన్ అంటారు.

ఈ రెండింటికీ మధ్య తేడా ముఖ్యమైనది. కుట్టిన రవికలో పక్క కుట్లు విప్పి చుట్టుకొలతను కొంతవరకు మార్చవచ్చు. కానీ ఎక్కువగా కోసిన మెడను చిన్నది చేయడం, ఇరుకైన భుజాన్ని వెడల్పు చేయడం, కిందికి దిగిన చంక రౌండును పైకి తేవడం దాదాపు సాధ్యం కాదు. పట్టుచీరతో కలిసి నేసిన రవిక గుడ్డ ఒక్కటే ఉంటుంది. అది పాడైతే అదే రంగు, అదే అంచు గల గుడ్డ మళ్ళీ దొరకడం కష్టం. పైగా బిగుతు నేత గల పట్టులో కుట్టు విప్పిన చోట సూది రంధ్రాలు కనిపిస్తాయి.

== నేపథ్యం ==
అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో స్టెర్లింగ్ అనే ఊరికి చెందిన దర్జీ ఎబెనెజర్ బటరిక్ 1863లో వేర్వేరు సైజులలో కాగితపు నమూనాలను అమ్మకానికి తెచ్చాడు. కుట్టు మిషన్లు ఇళ్ళలోకి వస్తున్న కాలంలో ఈ నమూనాల వలన దర్జీ పని తెలియనివారికి కూడా దుస్తులు కత్తిరించుకొనే వీలు కలిగింది. అయితే ఏ సైజు నమూనా అయినా ఒక సగటు శరీరాన్ని ఊహించి గీసినదే. ఒకే ఛాతీ కొలత గల ఇద్దరి భుజాలు, వీపు, చేతులు ఒకే విధంగా ఉండవు. సవరణ అవసరం ఇక్కడే మొదలవుతుంది.

== ఆది జాకెట్టు ==
తెలుగు ప్రాంతాలలో దర్జీకి రవిక గుడ్డతో పాటు, బాగా కుదిరిన పాత రవికను కొలతకు ఇచ్చే అలవాటు ఉంది. దీనిని ఆది జాకెట్టు అంటారు. దర్జీ దాని కొలతలను సుద్దతో నేరుగా గుడ్డపై గీసి కత్తిరిస్తాడు. ఇది సులభమైన పద్ధతే గానీ, దీనికి కొన్ని పరిమితులు ఉన్నాయి.

* ఆది జాకెట్టులో ఉన్న లోపాలు కొత్త రవికలోకి కూడా వస్తాయి.
* అది కుట్టిన నాటి శరీరాన్నే చూపుతుంది. ప్రసవం, వయసు, బరువు వలన వచ్చిన మార్పులు అందులో ఉండవు.
* పలుమార్లు ఉతికిన నూలు రవిక కుదించుకుపోయి గానీ, మెడ వద్ద సాగి గానీ ఉంటుంది.

ఆది జాకెట్టు కొలతలను ఒకసారి కాగితం పైకి ఎక్కించి, శరీరపు కొలతలతో పోల్చి సరిచేసుకుంటే, ఆ కాగితం తరువాతి రవికలన్నింటికీ ఆధారం అవుతుంది.

== కావలసిన కొలతలు ==
కొలతలు వేరొకరు తీయాలి. తనకు తానే తీసుకొంటే చేతులు కదిలి వీపు, భుజం కొలతలు మారిపోతాయి. టేపు బిగించకుండా, జారకుండా పట్టుకోవాలి.

* పై ఛాతీ: చంకల కిందుగా, ఛాతీకి పైభాగాన చుట్టుకొలత
* ఛాతీ: అత్యంత ఎత్తైన భాగం మీదుగా చుట్టుకొలత
* ఛాతీ కింద: రవిక ముగిసే చోట చుట్టుకొలత
* భుజం నుండి ఛాతీ మీద ఎత్తైన బిందువు వరకు పొడవు
* ఆ రెండు బిందువుల మధ్య దూరం
* భుజం వెడల్పు, వీపు వెడల్పు
* రవిక పొడవు, చేతి పొడవు, పై చెయ్యి చుట్టుకొలత

శరీరపు కొలతకు సమానంగా కుట్టిన రవికలో ఊపిరి తీసుకోవడం, చెయ్యి ఎత్తడం కష్టం. అందువలన నమూనాలో కొంత వదులు కలుపుతారు. సాగని గుడ్డతో కుట్టే రవికకు ఛాతీ వద్ద సాధారణంగా 1 నుండి 2 అంగుళాల వదులు సరిపోతుంది.

== మూల నమూనా ఎంపిక ==
నమూనాను ఛాతీ కొలతను బట్టి ఎంచుకోవడం సాధారణంగా జరిగే పొరపాటు. పై ఛాతీ కొలత ఎముకల కట్టును, అనగా భుజాలు, మెడ, వీపుల పరిమాణాన్ని ఎక్కువగా సూచిస్తుంది. ఉదాహరణకు ఒకరి పై ఛాతీ 34, ఛాతీ 38 అంగుళాలు అనుకుందాం. 38 సైజు నమూనా తీసుకుంటే ఛాతీ సరిపోతుంది గానీ మెడ వెడల్పై, భుజాలు జారుతాయి. పై ఛాతీ 34, ఛాతీ 36 ఉన్నవారి కోసం గీసిన నమూనాను తీసుకొని, ఛాతీ వద్ద మాత్రమే 2 అంగుళాలు పెంచితే మెడ, భుజం సరిగా కుదురుతాయి.

== సవరణ సూత్రాలు ==
# ముందుగా పొడవును, ఆ తరువాత వెడల్పును సవరించాలి. పొడవు సరికాకపోతే ఛాతీ, డాట్లు తప్పు చోట పడి, వెడల్పు సమస్యగా కనిపిస్తాయి.
# నమూనాపై గీసిన పడుగు గీత ఎల్లప్పుడూ నిటారుగా ఉండాలి. అది ఒరిగితే రవిక ఒకవైపు మెలి తిరుగుతుంది.
# మార్పు అవసరమైన చోటనే చేయాలి. అంచుల వెంట కలుపుతూ పోతే మెడ, చంక కూడా మారిపోతాయి.
# ఒక అంచు మారితే, దానితో కలిపి కుట్టే అంచు కూడా మారాలి.

== ప్రధాన సవరణలు ==

=== పొడవు ===
నమూనాను పడుగు గీతకు లంబంగా అడ్డంగా కత్తిరించాలి. కావలసినంత దూరం జరిపి మధ్యలో కాగితం అతికిస్తే పొడవు పెరుగుతుంది. ఒకదానిపై ఒకటి ఎక్కిస్తే తగ్గుతుంది. ముందు, వెనుక భాగాలలో పక్క కుట్టు పొడవులు సమానంగా ఉండేలా చూడాలి.

=== చుట్టుకొలత ===
శరీరం అంతటా సమానంగా తేడా ఉన్నప్పుడు పక్క కుట్ల వద్ద పెంచవచ్చు. రెండు పక్కల కుట్లలో మొత్తం నాలుగు అంచులు ఉంటాయి. కనుక 2 అంగుళాలు పెంచాలంటే ఒక్కొక్క అంచుకు అర అంగుళం కలపాలి. దీనివలన చంక రౌండు కూడా పెరుగుతుంది కాబట్టి చేతి నమూనాకు కూడా రెండు వైపులా అర అంగుళం చొప్పున కలపాలి.

=== ఛాతీ ===
ఇది అన్నింటిలో ముఖ్యమైన సవరణ. పై ఉదాహరణలో 2 అంగుళాలు పెరగాలి. నమూనా కాగితం ముందుభాగంలో సగాన్నే చూపుతుంది కాబట్టి దానిపై 1 అంగుళం పెంచితే చాలు.

# ఛాతీ బిందువు నుండి కింది అంచు వరకు నిలువుగా ఒక గీత, అదే బిందువు నుండి చంక రౌండు దిగువ భాగానికి మరొక గీత గీయాలి.
# పక్క కుట్టు నుండి పక్క డాట్ మధ్యగా ఛాతీ బిందువు వరకు మూడవ గీత గీయాలి.
# కింది అంచు నుండి ఛాతీ బిందువు మీదుగా చంక వరకు కత్తిరించాలి. చంక అంచు వద్ద కాగితం తెగకుండా కొద్దిగా వదలాలి.
# పక్క గీతను కూడా ఛాతీ బిందువు వరకు, అక్కడ తెగకుండా కత్తిరించాలి.
# నిలువు అంచులు సమాంతరంగా 1 అంగుళం దూరం అయ్యేవరకు పక్కభాగాన్ని జరపాలి. అప్పుడు పక్క డాట్ దానంతట అదే వెడల్పవుతుంది.
# పక్కభాగం కిందికి దిగుతుంది కాబట్టి, మధ్యభాగాన్ని అడ్డంగా కత్తిరించి అంతే పొడిగించాలి. ఖాళీలకు వెనుక నుండి కాగితం అతికించాలి.

ఈ పద్ధతిలో మెడ, భుజం, చంక రౌండుల కొలతలు మారవు. కింది చుట్టుకొలత పెరగనవసరం లేకపోతే పెరిగిన అంగుళాన్ని కింది డాట్‌లో కలిపివేయాలి. ఛాతీ తగ్గించాలంటే ఇదే గీతల వెంట కాగితాన్ని ఒకదానిపై ఒకటి ఎక్కించాలి.

=== భుజాలు, వీపు ===
వాలు భుజాలకు భుజం చివరను పావు నుండి అర అంగుళం దించి, చంక అడుగును కూడా అంతే దించాలి. లేకపోతే చంక ఇరుకవుతుంది. ఎత్తు భుజాలకు ఈ రెండింటినీ పైకి జరపాలి. వంగిన వీపు గలవారికి వీపు నమూనాను భుజపుటెముకల ఎత్తులో అడ్డంగా కత్తిరించి, చంక వద్ద తెగకుండా ఉంచి, మధ్యలో అర అంగుళం వరకు తెరవాలి. వయసుతో వీపు వంగినవారికి రవిక వెనుకభాగం పైకి లేవడం దీనితో తగ్గుతుంది.

=== మెడ ===
ముందు మెడ తెరుచుకొని నిలుస్తుంటే, అక్కడ ఎంత గుడ్డ మిగులుతున్నదో చూసి, నమూనాలో మెడ నుండి ఛాతీ బిందువు వరకు అంత మడత వేయాలి. మడత బిందువు వద్ద సున్నా కావాలి. దగ్గరలోని డాట్‌ను బిందువు వరకు కత్తిరించి ఉంచితే, మెడ వద్ద తగ్గిన వెడల్పు ఆ డాట్‌లోకి చేరుతుంది.

=== చేతులు ===
చేతులు బిగుతుగా ఉంటే చంకను లోతుగా కోయడం పరిష్కారంగా భావిస్తారు. నిజానికి చంక రౌండు కిందికి దిగిన కొద్దీ చెయ్యి ఎత్తినప్పుడు రవిక మొత్తం పైకి లేస్తుంది. చంకకు దగ్గరగా ఉన్న రౌండు, తగిన వెడల్పు గల చెయ్యి ఉన్నప్పుడే కదలిక సులభం.

== ముడతలను బట్టి లోపాన్ని గుర్తించడం ==
* బిగుతైన అడ్డ ముడతలు: ఆ చోట వెడల్పు చాలలేదు.
* వేలాడే నిలువు మడతలు: వెడల్పు ఎక్కువైంది.
* ఛాతీ వైపు లాగే ఐమూల ముడతలు: ఛాతీ వద్ద గుడ్డ చాలలేదు.
* హుక్కుల మధ్య ఖాళీలు: ముందుభాగం ఇరుకైంది.

== ప్రత్యేక సందర్భాలు ==
రెండు భుజాల ఎత్తులో తేడా ఉన్నవారికి, వెన్నెముక పక్కకు వంగినవారికి, రొమ్ము శస్త్రచికిత్స జరిగినవారికి సగం నమూనాతో కత్తిరించిన రవిక కుదరదు. వీరికి కుడి, ఎడమ భాగాలను వేర్వేరుగా గీసి, ఒక్కొక్క వైపు విడిగా సవరించాలి. శస్త్రచికిత్స జరిగిన వైపు డాట్లను తగ్గించడం గానీ, కృత్రిమ రొమ్ము ఉంచుకొనేందుకు లోపల గుడ్డ సంచి కుట్టడం గానీ అవసరాన్ని బట్టి చేస్తారు. ఇటువంటివారికి సరిపోయే రవిక సౌకర్యంతో పాటు నలుగురిలోకి వెళ్ళే ధైర్యాన్ని కూడా ఇస్తుంది.

== మాదిరి రవిక ==
సవరణ పూర్తయిన తరువాత ముందు, వెనుక భుజం కుట్ల పొడవులను, పక్క కుట్లను, చంక రౌండు, చేతి పై గుండ్రాలను టేపుతో పోల్చి చూడాలి. తరువాత పాత దుప్పటి వంటి సాగని గుడ్డతో పొడవు కుట్లు వేసి మాదిరి రవిక కుట్టాలి. దానిని తొడిగి చేతులు ఎత్తి, ముందుకు వంగి, కూర్చొని పరీక్షించాలి. కనిపించిన మార్పులను కాగితం పైకి ఎక్కించి, దానిపై తేదీ, కొలతలు రాసి ఉంచుకోవాలి. నూలు గుడ్డను, లైనింగును తడిపి ఆరబెట్టిన తరువాతనే కత్తిరించాలి. పక్క కుట్ల వద్ద 1 నుండి 2 అంగుళాల మార్జిన్ వదిలితే ముందుముందు బరువులో వచ్చే కొద్దిపాటి మార్పులకు అది ఉపయోగపడుతుంది.

== ఇవి కూడా చూడండి ==
* రవిక
* చీర
* కుట్టు మిషను
* దర్జీ