ఇరిటబుల్ యుటెరస్

నెలలు నిండకముందే గర్భాశయం పదేపదే గట్టిపడుతున్నా గర్భాశయ ముఖద్వారంలో మార్పేమీ రాకపోతే, ఆ స్థితిని వైద్యులు ఇరిటబుల్ యుటెరస్ అంటారు. ఫైలులో ఈ మాట చూసి అదేదో జబ్బనుకుని హడలిపోయేవాళ్ళున్నారు. నిజానికిది గర్భాశయం తీరును చెప్పే మాట మాత్రమే. 37 వారాలలోపు బిగువులతో పాటు ముఖద్వారం కురచవుతూ, తెరుచుకుంటూ ఉంటే అది ముందస్తు ప్రసవం. రెండింటిలోనూ కడుపు ఒకేలా బిగుస్తుంది కాబట్టి నొప్పిని బట్టి తేడా పట్టుకోవడం అనుభవమున్న డాక్టరుకూ కష్టమే.

గర్భంలో నొప్పి లేకుండా వచ్చి పోయే బిగువుల గురించి ఇంగ్లండు వైద్యుడు జాన్ బ్రాక్స్‌టన్ హిక్స్ 1872లో రాశాడు. వాటికి ఆయన పేరే స్థిరపడింది. మన ఇళ్ళలో వాటిని దొంగనొప్పులంటారు. ఇవి ఎప్పుడో ఒకటి వచ్చి, కాస్త అటూ ఇటూ తిరిగితేనో నడుం వాలిస్తేనో సర్దుకుంటాయి. ఇరిటబుల్ యుటెరస్‌లో మాత్రం చిన్నచిన్న బిగువులు దగ్గరదగ్గరగా, ఒక్కోసారి గంటల తరబడి వస్తాయి, పడుకున్నా వదలకపోవచ్చు. అయినా కాన్పు జరగదెందుకు? గర్భాశయ కండర కణాల మధ్య సంకేతాలు చేరవేసే లంకెలు నెలలు నిండేదాకా తక్కువగా ఉంటాయి. జాతరలో ఎవరి డప్పు వాళ్ళు వాయించుకున్నట్టు ఒక్కో భాగం విడిగా బిగుస్తుంది. కాన్పు దగ్గరపడ్డాక ఆ లంకెలు పెరిగి, దరువంతా ఒకటవుతుంది.

ఒంట్లో నీరు తగ్గడం, మూత్రం ఆపుకోవడం, ఎక్కువసేపు నిలబడటం, దాంపత్య కలయిక, చివరికి బిడ్డ గట్టిగా తన్నడం కూడా బిగువులను రేపవచ్చు. కవలలున్నా ఉమ్మనీరు ఎక్కువగా ఉన్నా గర్భాశయం సాగి, తొందరగా బిగుస్తుంది. మే నెల ఎండల్లో ఇలా అయితే పెద్దవాళ్ళు 'వేడి చేసింది' అని మజ్జిగ తాగిస్తారు. వాళ్ళు చెప్పే కారణం ఏదైనా ఆ మజ్జిగ మంచిదే. అయితే ఒంట్లో నీరు సరిపడా ఉన్నవాళ్ళకు సెలైన్ ఎక్కిస్తే ముందస్తు కాన్పు ఆగుతుందనుకోవడం పొరపాటు. మూత్రంలో ఇన్ఫెక్షన్‌ను మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు. గర్భిణుల్లో అది మంట లేకుండానే ఉండవచ్చు, పరీక్ష చేస్తేనే బయటపడుతుంది.

కడుపు గట్టిపడుతున్నప్పుడు ముందుగా మూత్రానికి వెళ్ళి వచ్చి, రెండు గ్లాసుల నీళ్ళు తాగి, ఎడమ పక్కకు తిరిగి పడుకోవాలి. వేళ్ళ కొసలు బొడ్డు పైభాగాన ఆనించాలి. తాకితే ముక్కు కొనలా మెత్తగా ఉంటే బిగువు స్వల్పం, గడ్డంలా ఉంటే మధ్యరకం, నుదురులా ఉంటే గట్టిది. ఒకటి మొదలైన దగ్గర్నుంచి తర్వాతది మొదలయ్యేదాకా ఎన్ని నిమిషాలో కాగితం మీద రాసుకోవాలి. 37 వారాలలోపు పది నిమిషాలకొకటి చొప్పున గంటలో ఆరు వచ్చాయంటే ఆసుపత్రికి వెళ్ళాల్సిందే. నీరు కారినా, రక్తం కనిపించినా, నడుంనొప్పి అలలుగా వస్తున్నా, కింద బరువుగా లాగుతున్నట్టున్నా, బిడ్డ కదలికలు తగ్గినా గంట లెక్క కోసం ఆగకూడదు. బండి దొరక్కపోతే 108కి ఫోన్ చేయాలి.

ఆసుపత్రిలో తేల్చి చెప్పేది యోని ద్వారా చేసే స్కానింగ్. ముఖద్వారం పొడవు 30 మిల్లీమీటర్లు దాటి ఉంటే ఇప్పట్లో కాన్పు జరిగే అవకాశం చాలా తక్కువ. 25 లోపుంటే జాగ్రత్త పడతారు. నిజంగానే ముందస్తు ప్రసవమైతే నిఫెడిపిన్ వంటి మందుతో సుమారు 48 గంటలు నెట్టుకొస్తారు. ఆ రెండు రోజులూ బిడ్డ ఊపిరితిత్తులు పరిణతి చెందేందుకు తల్లికిచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్ పనిచేయడానికి. ఈ చికిత్స ఫలితాన్ని న్యూజిలాండ్ వైద్యులు లిగిన్స్, హోవీ 1972లో ప్రకటించారు. ముఖద్వారం మారనివాళ్ళకు బిగువులు ఆపే మాత్రలు నెలల తరబడి వాడటం వల్ల ప్రయోజనం రుజువు కాలేదు. టెర్బ్యుటలిన్‌ను అలా దీర్ఘకాలం వాడితే తల్లి గుండెకు ప్రమాదమని 2011లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది.

'మంచం దిగొద్దు' అన్న సలహాదీ అదే సంగతి. కాన్పును అది ఆపుతుందనడానికి ఆధారం లేదు. పైగా కాళ్ళలో రక్తం గడ్డకట్టవచ్చు, కండరాలు నీరసిస్తాయి. మధ్యమధ్యలో కూర్చుంటూ, బరువులెత్తకుండా, తేలికపాటి ఇంటిపనులు చేసుకోవచ్చు. ఈ స్థితి ఉన్నవాళ్ళలో ముందస్తు కాన్పు అవకాశం కొద్దిగా ఎక్కువే అయినా, ఎక్కువమందికి నెలలు నిండాకే కాన్పవుతుంది. ఏడో నెల బిడ్డ బతుకుతుంది గానీ ఎనిమిదో నెల బిడ్డ బతకదన్న పాత నమ్మకం మాత్రం పూర్తిగా తప్పు. కడుపులో గడిచే ప్రతి వారం బిడ్డకు లాభమే.

కాన్పుకని పుట్టింటికి వెళ్ళేటప్పుడు ముఖద్వారం పొడవు రాసిన స్కాన్ రిపోర్టు పెట్టెలో కాదు, చేతిసంచిలో ఉండాలి. రాత్రివేళ కొత్త ఊళ్ళో కడుపు బిగుస్తే, అక్కడి డాక్టరు కొత్త కొలతను దానితోనే పోల్చి చూస్తారు.