రెండు మతాల ఇంట్లో బిడ్డకు పేరు: తెలుసుకోవాల్సిన విషయాలు

నిర్మల్ జిల్లాలో, ముఖ్యంగా భైంసా, ముధోల్ వైపు, తెలుగు, ఉర్దూ, మరాఠీ మూడూ బజారులో కలిసే వినిపిస్తాయి. బిడ్డ పుడితే ఒక ఇంట్లో చెవిలో అజాన్ చెబుతారు. పక్కింట్లో పురుడు చేస్తారు. ఇంకో ఇంట్లో చర్చికి తీసుకెళ్లి ప్రార్థన చేయిస్తారు. వీటిలో రెండు పద్ధతులు ఒకే ఇంట్లో కలిస్తే మొదటి పేచీ పేరు దగ్గరే వస్తుంది. దాదీ ఒక పేరు అనుకుంటుంది, అమ్మమ్మ ఇంకొకటి అనుకుంటుంది. మధ్యలో తల్లిదండ్రులు నలిగిపోతారు, బిడ్డ మాత్రం నెలల తరబడి పేరు లేకుండా ఉండిపోతుంది.

ఏ ఇళ్లలో ఈ ప్రశ్న వస్తుంది?

1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్లి చేసుకున్న జంటలో ఇద్దరూ తమ తమ మతంలోనే ఉండవచ్చు. నికాహ్ కు సంబంధించిన షరయీ నియమాలు వేరు, అవి ఉలమాను అడిగి తెలుసుకోవాలి. ఇస్లాం స్వీకరించినవారి ఇళ్లలోనూ ఇదే ప్రశ్న వస్తుంది. అక్కడ తల్లిదండ్రులిద్దరూ ముస్లింలే అయినా, అమ్మమ్మ తాతయ్యలో, నానమ్మ తాతయ్యలో వేరే మతంలో ఉంటారు.

ఇస్లాం ఏం చెబుతుంది?

పేరు పుట్టిన రోజే పెట్టవచ్చు. ప్రవక్త ముహమ్మద్ (స) తన కుమారుడికి పుట్టిన రాత్రే ఇబ్రాహీం అని పేరు పెట్టినట్టు హదీసులో ఉంది. ఏడో రోజున అఖీఖాతో పాటు పెట్టే ఆచారమూ ఉంది. ఆ రోజు తల వెంట్రుకలు తీసి, వాటి బరువుకు సమానమైన వెండి సదఖా ఇస్తారు.

పేరు అరబ్బీలోనే ఉండాలన్న నిబంధన లేదు. ముఖ్యంగా చూసేది అర్థం. ప్రవక్త (స) చెడు అర్థం ఉన్న పేర్లను మార్చారు. ఆసియా, అంటే అవిధేయురాలు అనే అర్థం వచ్చే పేరును, జమీలాగా మార్చారు. ఫిరౌన్ భార్య ఆసియా పేరు వేరు, దాని స్పెల్లింగ్ అరబ్బీలో వేరే అక్షరాలతో ఉంటుంది. మంచి అర్థం ఉన్న పాత పేర్లను చాలామంది సహాబాలు ఇస్లాంలోకి వచ్చాక కూడా ఉంచుకున్నారు. అల్లాహ్ కు తప్ప వేరెవరికీ దాసుడు అనే అర్థం వచ్చే పేరు, మరో మతం ఆరాధించే దేవుడి పేరు పెట్టకూడదని ఉలమా చెబుతారు. ఈ లెక్కన వెన్నెల అనే తెలుగు పేరు అర్థంలో అభ్యంతరం కనిపించదు.

అవతలి వైపు పద్ధతి

తెలంగాణ హిందూ ఇళ్లలో పదకొండో రోజు పురుడు, ఇరవై ఒకటో రోజు తొట్టెల చేయడం మామూలు. రోజులు కులాన్ని బట్టి, ఊరిని బట్టి మారతాయి. పళ్లెంలో బియ్యం పోసి పేరు రాస్తారు. జన్మ నక్షత్రాన్ని బట్టి మొదటి అక్షరం చూస్తారు. అశ్విని అయితే చూ, చే, చో, లా. తరవాత అక్షరాభ్యాసానికి చాలామంది బాసర వెళ్తారు. నక్షత్రం మీద నమ్మకం ముస్లిం తల్లికో తండ్రికో ఒప్పుకోదగింది కాకపోవచ్చు. కానీ ఆ అక్షరంతోనే మొదలయ్యే మంచి పేరు దొరికితే, అక్షరం వల్ల అర్థం మారదు కాబట్టి, గొడవ అక్కడితో తీరిపోతుంది.

రెండు వైపులా చెల్లే పేర్లు

క్రైస్తవ బంధువులున్న ఇంట్లో పని సులువు. ప్రవక్తల పేర్లు, మర్యం పేరు రెండు వైపులా ఉన్నాయి:

ఇబ్రాహీం – అబ్రాహాము
మూసా – మోషే
దావూద్ – దావీదు
సులైమాన్ – సొలొమోను
యూసుఫ్ – యోసేపు
యహ్యా – యోహాను
మర్యం – మరియ

హిందూ బంధువులున్న ఇంట్లో రెండు భాషల్లోనూ పలికే పేర్లు పనికొస్తాయి. తారా అంటే ఉర్దూలోనూ సంస్కృతంలోనూ నక్షత్రమే. సమీర్ అంటే సంస్కృతంలో గాలి, అరబ్బీలో రాత్రిపూట కబుర్లు చెప్పే తోడు. మీనా అంటే సంస్కృతంలో చేప, ఫార్సీలో రంగుల అద్దపు పని. రోషన్ అంటే ఫార్సీలో వెలుగుతో నిండినది, ఈ పేరు హిందువుల్లోనూ ఉంది. కొందరు సారా వెన్నెల లాగా చెరో వైపు నుంచి ఒక మాట తీసుకుని రెండూ కలుపుతారు.

తెలంగాణకు ఇది కొత్త కాదు

అన్నారం షరీఫ్ యాకూబ్ షావలీ దర్గాకు మొక్కుకుని పుట్టిన పిల్లలకు వరంగల్ వైపు హిందూ ఇళ్లలో యాకయ్య, యాకమ్మ అని పెట్టుకున్నారు. జాన్‌పహాడ్ దర్గా వల్ల నల్గొండ, సూర్యాపేట వైపు సైదులు, సైదమ్మ పేర్లు నిలిచాయి. పీర్ల పండుగ జరిగే ఊళ్లలో పీరయ్య, హుస్సేనమ్మ వినిపిస్తూనే ఉంటాయి. దర్గా మొక్కుల మీద ముస్లింలలోనే భిన్నాభిప్రాయాలున్నాయి. అయినా పేరు ఒక మతం గడప దాటి ఇంకో మతం ఇంట్లో గౌరవంగా బతికిందనడానికి ఇవి సాక్ష్యం.

రికార్డులో జాగ్రత్త

పుట్టిన 21 రోజుల్లో జననం నమోదు చేయించాలి. పట్టణంలో మున్సిపాలిటీ, పల్లెలో గ్రామ పంచాయతీ చూస్తాయి. ఆసుపత్రిలో పుడితే సమాచారం ఆసుపత్రే పంపుతుంది. పేరు తేలకపోయినా నమోదు ఆపొద్దు. పేరు లేకుండానే నమోదు చేసి, ఏడాదిలోపు రుసుం లేకుండా చేర్పించుకోవచ్చు. ఆ తరవాత ఆలస్య రుసుం కట్టాలి. ఒకసారి ఎక్కిన పేరును మార్చడం మాత్రం తేలిక కాదు.

2023 అక్టోబర్ 1 నుంచి పుట్టిన పిల్లలకు స్కూల్ అడ్మిషన్, ఆధార్, పాస్‌పోర్ట్ అన్నిటికీ పుట్టిన తేదీ, స్థలం రుజువు జనన ధ్రువీకరణ పత్రమే. అందుకే కొన్ని చిన్న విషయాలు ముందే చూసుకోవాలి:

– ముహమ్మద్ ను ఒకచోట ఎండీ అని, ఇంకోచోట పూర్తిగా రాయొద్దు. మొదటి పత్రంలో ఎలా ఉందో అన్నిటిలో అలాగే ఉండాలి.
– అబ్దుల్ రహీం లాంటి పేరును విడదీయొద్దు. అబ్దుల్ ఒక్కటే ఉంటే అర్థం సగంలో ఆగిపోతుంది.
– తల్లి వైపో తండ్రి వైపో ఇంటిపేరు పెట్టాలనుకుంటే నమోదుకు ముందే తేల్చుకోవాలి.
– తెలుగు, ఉర్దూ, ఇంగ్లిష్ మూడింటిలో కాగితం మీద రాసి చూడాలి. ఖల్బ్ అంటే గుండె, కల్బ్ అంటే కుక్క. ఒక్క అక్షరంతో అర్థం అంత మారుతుంది.

మాట కుదరకపోతే

కేరళలో విడిపోయిన తల్లిదండ్రులు పేరు మీద పట్టు వదలలేదు. పేరు లేని పత్రాన్ని స్కూల్ ఒప్పుకోలేదు. చివరికి 2023లో ఆ రాష్ట్ర హైకోర్టే బిడ్డ మేలు చూసి పేరు నిర్ణయించింది. అది రెండు మతాల గొడవ కాదు, అయినా నష్టపోయింది బిడ్డే. కోర్టు దాకా పోకుండా ఉండాలంటే, కాన్పుకు ముందే రెండు కుటుంబాలూ చెరో నాలుగైదు పేర్లు రాసి ఇవ్వడం, అభ్యంతరం ఉన్నవి కొట్టేయడం, మిగిలిన వాటిలోంచి తల్లిదండ్రులు ఎంచుకోవడం మంచి దారి. రికార్డులో ఒక్క పేరే ఉండాలి. దాదీ, అమ్మమ్మ తమకు నచ్చిన ముద్దు పేర్లతో పిలుచుకోవచ్చు. దానికి ఏ పత్రమూ అక్కర్లేదు.